నాగులమ్మ పడవలో ఇంగ్లీషు పిలకాయలు

నాగులమ్మకు ఇంగ్లీషు రాదు. నేర్చుకోవాలన్న కోరికా లేదు. కానీ గూడూరుకు ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే పిల్లలందరికీ ఇప్పుడు ఆమె పేరు తెలుసు. కోర్సు అయిపోయి ఇళ్లకు వెళ్లాక మేం చెప్పిన గ్రామర్ మర్చిపోతారేమో కానీ, నాగులమ్మక్క పడవను మాత్రం మర్చిపోరు. నిజానికి ఆ పడవ ఈపాటికి తడ అవతల వేరేవాళ్ల ఒడ్డున ఉండాల్సింది. అది ఎలా ఆగిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

సూళ్లూరుపేట నుంచి కాస్త పక్కకు వెళితే పులికాట్ సరస్సు ఒడ్డున కొత్తకుప్పం ఉంటుంది. పేరుకే కొత్త, ఇళ్లన్నీ పాతవే. నీళ్లకు అవతల, కేక వేస్తే వినపడేంత దూరంలో పాతకుప్పం. రెండూ చేపలు పట్టేవాళ్ల ఊళ్లే. నాగులమ్మ పుట్టింది సరస్సు మధ్యలో ఉన్న ఒక దిబ్బ మీద. అక్కడ బావిలో ఉప్పునీళ్లు. తాగే నీళ్లు కావాలంటే పడవేసుకుని ఇవతలి ఒడ్డుకు రావాలి. ఆడవాళ్లు వలకు పోకూడదని వాళ్లలో కట్టుబాటు. మంచినీళ్లకు మాత్రం పోవచ్చు! అందుకే చిన్నప్పుడే గెడ పట్టింది. పొడవాటి వెదురు గెడను నీటి అడుగుకు దించి, ఒళ్లంతా బరువేసి నెడితే పడవ కదులుతుంది. బిందెల నిండా నీళ్లున్న పడవను ఒక్క చుక్క ఒలకకుండా తోలేదట. ఈ మాట ఆమె చెబితే గొప్పలనుకుంటాం. చెప్పింది వాళ్ల ఆయన ముత్యాలయ్య.

"దాన్ని చూసేదానికి పోయిన రోజు అదే నన్ను పడవెక్కించుకోని తోలింది. పెళ్లిచూపులంటే అవే మాకు" అంటాడాయన.

"ఎక్కించుకోకుంటే ఈదుకుంటా వచ్చేవాడు, అంత తొందర" అంటుంది నాగులమ్మ.

పెళ్లయ్యాక ఆయన పట్టేవాడు, ఆమె అమ్మేది. తట్ట నెత్తిన పెట్టుకుని సూళ్లూరుపేటలో రైలెక్కి గూడూరులో దిగి వీధులు తిరిగేది. ఆ వీధుల్లోనే మా ఫ్లోరా మేడం ఇల్లు. మేడం ఇంటి మేడ మీదే మా స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు. రాయచోటి, మదనపల్లె, కడప వైపు నుంచి పిల్లలు వచ్చి హాస్టల్లో ఉండి నేర్చుకుంటారు. నర్సింగ్ చదివిన అమ్మాయిలు, షాపుల్లో పనిచేసే అబ్బాయిలు, డిగ్రీ అయిపోయి ఇంటర్వ్యూలంటే భయపడేవాళ్లు. నేను అక్కడ క్లాసులు చెప్తాను. ఆదివారాల ఔటింగులు కూడా నా నెత్తినే.

పోయినేడు ముత్యాలయ్యకు గుండెకు స్టెంట్ వేశారు. గెడ పట్టొద్దు, వల లాగొద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కొడుకు ముఖేష్ తడ దగ్గర ఫ్యాక్టరీకి పోతాడు. ఇంటి ముందుకే బస్సొస్తుంది, లోపలంతా ఏసీ. నాకెందుకీ పడవ అనేశాడు. దాంతో పడవను ఒడ్డుకు లాగి బోర్లించారు. రోజూ దాన్ని అలా చూస్తూ కూర్చోలేక ముత్యాలయ్యే అన్నాడు, అమ్మేద్దామని. తడ అవతల నుంచి ఒకాయన వచ్చి చెక్కలు తట్టి చూసి, నచ్చిందని చెప్పి వెళ్లాడు. వారం పోయాక వచ్చి తీసుకుపోతానన్నాడు.

నాగులమ్మకు పడవ పోవడం ఇష్టం లేదు. కానీ ఒడ్డున బోర్లించిన పడవను ఉంచుకుందామని ఏ మొహం పెట్టుకుని అంటుంది? నీళ్లలోకి దించే దారి ఒకటి చూపించాలి కదా.

ఆ దారి ఫ్లోరా మేడం గుమ్మం ముందు దొరికింది. అంతకు ముందు ఆదివారం పిల్లల్ని మద్రాసులో మాల్‌కు తీసుకెళ్లి వచ్చాం. మా కోర్సులో ఒక రూలుంది. ఔటింగ్ రోజంతా ఇంగ్లీషే మాట్లాడాలి. తెలుగు మాట్లాడితే అందరి ముందూ పాట పాడాలి. మాల్‌లోకి అడుగుపెట్టగానే పిల్లలు తలో దిక్కుకూ పోయారు. ఇంగ్లీషూ లేదు, పాటా లేదు. వాళ్లందరినీ వెతికి పోగుచేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. రొయ్యలు తూకం వేయించుకుంటూ మేడం ఇదంతా చెప్పి వాపోయారు.

"మాకాడికి తోలుకోని రండి మేడమా" అంది నాగులమ్మ. "మా నీళ్లల్లో మాలూ లేదు గీలూ లేదు. పడవెక్కినాక యాడికి పోతారు? ఎర్రకాళ్ల కొంగలు దిగుండాయి ఇప్పుడు. చూపిచ్చి, అన్నం పెట్టి పంపిస్తా."

"పడవ ఎవరు నడుపుతారు?"

"నేనే."

మేడం తక్కెడ వదిలేసి ఆమె మొహంలోకి చూశారు. "ఒకసారి వస్తాం. బాగుంటే ప్రతి బ్యాచ్‌నీ తీసుకొస్తాను. బాగాలేకపోతే లేదు. సరేనా?"

ఆ సాయంత్రం ఇంటికెళ్లి నాగులమ్మ పడవను వెల్లకిలా తిప్పించింది. ముత్యాలయ్య వద్దనలేదు, సరేననీ అనలేదు. "ఆడోళ్లు పడవ తోలితే ఊళ్లో ఒప్పుకుంటారా మే?" అన్నాడు.

"వలకు పోగూడదు. చుట్టాల్ని తిప్పేదానికి ఏం కట్టుబాటుండాది? వలే లేదు గదా మన దగ్గర."

ఈ మాటతోనే ఆదివారం అంతా తల్లకిందులైంది. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను.

ఆ సరస్సులో చేపలు దొరికే మడుగులు అందరివీ. అందుకే ఊళ్ల మధ్య వంతులు పెట్టుకున్నారు. ఇవాళ ఈ మడుగు కొత్తకుప్పానిదైతే రేపు పాతకుప్పానిది. వంతు వచ్చిన ఊరివాళ్లు మడుగు చుట్టూ కర్రలు పాతి వాటికి పచ్చి తాటాకు కడతారు. తాటాకు కనిపిస్తే మిగతా పడవలు చుట్టూ తిరిగి పోవాలి. ఎంత తొందరున్నా సరే. వాళ్ల తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. పోలీసుల దాకా పోయిన గొడవ ఒక్కటీ లేదు.

ఆదివారం పొద్దున్నే మా వ్యాన్ కొత్తకుప్పం చేరింది. మేడం లైఫ్ జాకెట్లు బయటికి తీయగానే ఒడ్డున నిలబడ్డవాళ్లంతా నవ్వారు. "నడుం లోతు నీళ్లకా?" అన్నాడు ముత్యాలయ్య. "మేడమా, మునగాలంటే పిలకాయలు పండుకోవల్ల!" మేడం నవ్వలేదు. అందరికీ తొడిగించారు. ముత్యాలయ్యకూ ఒకటి తొడిగించారు. ఆ నారింజరంగు జాకెట్లో ఆయన పెళ్లికొడుకులా ముందు కూర్చున్నాడు. నాగులమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి వెనక నిలబడి గెడ దించింది.

పడవ కదిలింది. పిల్లలు మొదలుపెట్టారు. "వెరీ నైస్ వాటర్!" "వేర్ ఈజ్ బర్డ్?" "ఐ యామ్ ఫియరింగ్!" అనూష అని మదనపల్లె అమ్మాయి మాత్రం పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని నోరు మెదపకుండా కూర్చుంది. వాళ్ల నాన్నది టమోటా సేద్యం. క్లాసులోనూ అంతే. అన్నీ రాస్తుంది, ఏదీ మాట్లాడదు.

"ఏందమ్మే, నీకు ఇంగ్లీషు రాదా?" అడిగింది నాగులమ్మ.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నాకూ రాదులే. భయపడబాక."

కొంతదూరం పోయాక తాటాకులు కనిపించాయి. ఆ రోజు వంతు పాతకుప్పానిది. చుట్టూ తిరిగి పోతే చాలాసేపు పడుతుంది. ఆమె చెప్పిన ఎర్రకాళ్ల కొంగలు, అంటే ఫ్లెమింగోలు, సరిగ్గా ఆ మడుగుకు అవతల, దూరాన తెల్లగా చారలా కనిపిస్తున్నాయి. ఎండ ముదిరితే లేచిపోతాయి. మేడం అప్పటికే వాచీ చూశారు. నాగులమ్మ అది గమనించింది.

"చుట్టు తిప్పు" అన్నాడు ముత్యాలయ్య ముందు నుంచి.

"కొంగలు లేచిపోతాయి మావా."

"తాటాకు కట్టుండాది మే. కనపళ్లా?"

"వంతు వలకే గదా. మనకాడ వలుండాదా? గమ్మునుండు, ఇట్టే దాటేస్తా."

గెడ దించి నెట్టింది. పడవ తాటాకుల మధ్యగా లోపలికి పోయింది.

ముందు ఒక చేప ఎగిరింది. వెండిలా మెరిసి దబ్బున పడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ అరుపులకూ గెడ చప్పుడుకూ ఇంకో నాలుగు ఎగిరాయి. తర్వాత ఇక చూడాలి! నీళ్లు ఉడికినట్టయ్యాయి. గుంపులు గుంపులుగా మడవ చేపలు గాల్లోకి లేచి, అప్పటికే నీళ్లలో కట్టి ఉన్న వల మీదుగా దూకి అవతల పడ్డాయి. "వావ్! బ్యూటిఫుల్! వీడియో, వీడియో!" అని అందరూ ఫోన్లు తీశారు. నేనూ తీశాను. ఒక చేప వచ్చి సరిగ్గా మేడం ఒళ్లో పడింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక చూశాం. కాస్త దూరంలో నడుం లోతు నీళ్లలో అర్ధచంద్రాకారంగా మనుషులు నిలబడి ఉన్నారు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

అందరికంటే ముందున్నాయన పోలయ్య, పాతకుప్పం పెద్ద. "ఏమ్మే నాగులమ్మా" అన్నాడు, అరవకుండా. "తెల్లారక ముందు నించి నిలబడుండాం. కాళ్లు తిమ్మిర్లెక్కి పోయినాయి. మెల్లింగా, చప్పుడు జెయ్యకుండా కమ్ముకుంటా వస్తుంటే నువ్వు జాతర తోలుకోనొచ్చినావే!"

నాగులమ్మ చేతిలో గెడ ఆగిపోయింది. "తప్పయిపోయింది అన్నా. వల లేదు గదా అని..."

"వల మీకు లేదు. మాకుండాది గదా!"

వెనక నుంచి ఇంకొకాయన అందుకున్నాడు. "పడవ ముత్యాలయ్యది గదా? చెప్పు ముత్యాలయ్యా, వంతు చెడగొడితే ఏం జెయ్యాలో!"

ముత్యాలయ్య తలదించుకుని చెప్పాడు. "పడవలో ఉండేవోళ్లందరూ దిగి వల నిండిందాకా నిలబడాలి."

అదీ పద్ధతి. జరిమానా లేదు, తిట్లు లేవు. ఎవరివల్ల చేప పోయిందో వాళ్లు దిగి మళ్లీ చేపను వలలోకి తోలాలి. యజమాని ఒక్కడే కాదు, పడవలో ఉన్న ప్రతివాళ్లూ.

నాగులమ్మ మొహం చూడాల్సింది. మేడం పట్టుచీర కాదు కానీ మంచి చీరే కట్టుకొచ్చారు. ఒళ్లో ఇంకా ఆ చేప కొట్టుకుంటోంది. ఈ పిల్లల్ని బురదలోకి దింపితే ఇక మేడం ఈ ఒడ్డు తొక్కుతారా? దింపకపోతే రేపటి నుంచి ఈ నీళ్లలో ఆ పడవను ఎవరైనా తిరగనిస్తారా? ఎటు చూసినా పడవ తడకు పోయేటట్టే ఉంది.

"నేను దిగతా అన్నా" అంది. "పొద్దుగూకిందాకా నిలబడతా. వీళ్లు ఊరుగాని ఊరు నించి వచ్చినోళ్లు. వదిలెయ్యి."

పోలయ్య గడ్డం గోక్కున్నాడు. "చుట్టాలను నిలబెట్టమని నేను మాత్రం ఎట్టా అంటానమ్మా" అన్నాడు, ఇబ్బందిగా.

"వాట్ హ్యాపెండ్? వై ఆర్ వుయ్ స్టాపింగ్?" అన్నారు మేడం. రూలు ఆవిడకూ వర్తిస్తుంది మరి.

అప్పుడు అనూష లేచి నిలబడింది. పడవ ఊగింది. కూర్చోమని నేను సైగ చేశాను. కూర్చోలేదు. మేడం వైపు తిరిగి, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. "మేడం, వుయ్ స్పాయిల్డ్ దెయిర్ వర్క్. ఆల్ ఫిష్ గాన్. ఇన్ అవర్ టమోటా ఫీల్డ్, ఇఫ్ సమ్‌బడీ వాక్ లైక్ దిస్, మై ఫాదర్ విల్ క్రై. వుయ్ షుడ్ గో డౌన్ అండ్ హెల్ప్."

కోర్సులో చేరినప్పటి నుంచి ఆ పిల్ల అంత పొడుగ్గా మాట్లాడటం ఎవరూ వినలేదు. మేం నోళ్లు తెరుచుకుని ఉండగానే ఫోన్ మేడం చేతిలో పెట్టి, పోలయ్య వైపు తిరిగి, "మేమేం జేయల్లో చెప్పు తాతా" అంటూ నీళ్లలోకి దిగేసింది.

"తెలుగు! తెలుగు! సాంగ్!" అని పడవలో గోల. ఆ గోలలోనే ఒకళ్ల వెనక ఒకళ్లు దూకేశారు. జాకెట్లు వేసుకుని ఉన్నారేమో, నడుం లోతు నీళ్లలో అందరూ బెండుల్లా తేలుతున్నారు. పాతకుప్పం వాళ్లు పగలబడి నవ్వారు. పోలయ్యకూ నవ్వాగలేదు. "ముందు ఆ ఎర్ర చొక్కాలు ఇప్పించండిరా, చేపలు బెదిరి సముద్రంలోకి పోతాయి!" అన్నాడు. మేడం ఒక క్షణం ఆలోచించి నీళ్ల లోతు గెడతో కొలిపించారు. తర్వాతే జాకెట్లు విప్పనిచ్చారు. అందరి ఫోన్లూ జాకెట్లూ ఒళ్లో పోసుకుని, ఆ చేపను కూడా వదలకుండా, పడవలోనే కూర్చున్నారు. మేడం ఎందుకు దిగలేదని పోలయ్య అడగలేదు.

ముత్యాలయ్య దిగబోయాడు. నాగులమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. "డాక్టర్ చెప్పింది మర్చిపోయినావా? నీ వంతుకు నేను నిలబడతాలే." తను దిగి పిల్లల పక్కన నిలబడింది. వలకు పోకూడదు కదా అని ఎవరూ అనలేదు. శిక్షకు దిగిన మనిషి ఆడా మగా అని చూడరట.

ఇక చేసేదేం లేక ముత్యాలయ్య పడవ అంచున నిలబడ్డాడు. ఎత్తులో ఉన్నాడు కదా, నీళ్ల మీద నీడలు ఆయనకు బాగా కనిపిస్తున్నాయి. ఊరికే ఉండగలడా? "ఎడం పక్క ఆగండ్రా! ముందుకు రాబాకండి! టమోటా పిల్లా, నువ్వు రవంత కుడికి! చేత్తో నీళ్లు కొట్టు. మెల్లింగా... ఆఁ, అట్టా!"

మొదట ఒకరిద్దరు పట్టించుకోలేదు. చేప ఆయన చెప్పిన వైపే కదలడం చూశాక, పాతకుప్పం వాళ్లు కూడా ఆయన కేక కోసమే చూడసాగారు. పిల్లలు ఒకరికొకరు "స్లో! స్లో! గో లెఫ్ట్!" అని చెప్పుకుంటున్నారు. కాసేపటికి పోలయ్య కూడా తన వాళ్లను "సులో! సులో రా!" అని అదిలిస్తున్నాడు. ఎండ నెత్తికెక్కింది. ఒకమ్మాయి కాలికి ఎండ్రకాయ తగిలి కేక పెట్టింది, ఏ భాషలోనో చెప్పలేను. అర్ధచంద్రం మెల్లమెల్లగా ముడుచుకుంటూ వలను చేరింది.

వల లేపితే నిండుగానే ఉంది. పొద్దున పోయినంత కాదు. "పోయింది పోయింది" అన్నాడు పోలయ్య. "ఇదేం తక్కువ గాదు. రాండి, తిని పోదురు."

తడి బట్టలతోనే పాతకుప్పం ఒడ్డున వరసగా కూర్చున్నాం. వాళ్ల ఆడవాళ్లు చేపల పులుసు పెట్టారు. నాగులమ్మ ఇంట్లో వండి పెట్టిన రొయ్యల ఇగురు కూడా అవతలి నుంచి పడవలో తెప్పించారు. మేం మోసుకొచ్చిన పులిహోర పొట్లాలు అలాగే మిగిలిపోయాయి. తింటూ తింటూనే పిల్లలు పోలయ్య మనవళ్లకు ఇంగ్లీషులో ఏదేదో చెబుతున్నారు. వాళ్లు తెలుగులో జవాబిస్తున్నారు. పాట ఎవరు పాడాలో లెక్క తెగలేదు. చివరికి అందరూ కలిసి పాడేశారు.

"బట్ వుయ్ డిడ్ నాట్ సీ ది బర్డ్స్" అన్నారు మేడం. పక్షులు ఎప్పుడో లేచిపోయాయి.

"వచ్చే బ్యాచ్‌కు చూపిస్తాం మేడమ్" అన్నాను నేను, గుండె చిక్కబట్టుకుని. నాగులమ్మ వడ్డిస్తున్న గరిటె ఆపింది.

మేడం చేతులు కడుక్కుని, "చూపించాలి మరి" అన్నారు. తెలుగులో! పిల్లలు గోల గోల. మేడం కూడా పాడారు, ఒక క్రిస్మస్ పాట. బాగానే పాడతారు.

అంతా అయిపోయిందనుకున్నాం. పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే వచ్చే తూరి ఈ పిలకాయలు మా పడవ ఎక్కుతారు."

నాగులమ్మ లేచి నిలబడింది. "యాడ దొరికినారన్నా నీకు? గూడూరు పోయి నేను పిల్చుకోనొస్తే!"

"నీళ్లు ఎవరియి?"

"అందరియి."

"మరి నీళ్లు చూసేదానికి వచ్చినోళ్లు?"

"వాళ్లు నా చుట్టాలు. చుట్టాలకు వంతుంటుందా యాడన్నా?"

"పొద్దున గూడా అదే అన్నావు, వల లేదు గాబట్టి వంతు లేదని" అన్నాడు పోలయ్య. "నీ చుట్టాలు వచ్చి మా వంతులో నిలబడి చేప పట్టినారు. ఇంక వాళ్లకు వంతు లేదంటే ఎట్టా తల్లా?"

కొత్తకుప్పం నుంచి ఇగురు తెచ్చిన పెద్దాయన కూడా అదే న్యాయమన్నాడు. నాగులమ్మ గరిటె కింద పెట్టింది. ప్రతి ఆదివారం తన పడవే తిరుగుతుందని ఆశపడింది. సగం ఆదివారాలు పాతకుప్పానికి పోతే, ఆ మిగిలిన సగం కోసం పడవను ఉంచుకుందామంటే మొగుడు ఒప్పుకుంటాడా? ఆయన వైపు చూసింది.

ముత్యాలయ్య అక్కడ లేడు. ఒడ్డున తన పడవ పక్కన నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పెద్దగా మాట్లాడటం ఆయన అలవాటు, అందరికీ వినపడింది.

"ఇచ్చేది లేదులే అన్నా... అదేం గాదు, ఎక్కువిస్తామని ఎవురూ రాలా... పడవకు వంతు పడింది. వంతులో ఉండే పడవను ఎవురన్నా అమ్ముతారా? ... ఆఁ, ఏమనుకోబాక. ఒకసారి రా, ఎక్కించి తిప్పుతా. మా ఆడోళ్లు తోల్తారులే."

ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగి చూస్తే అందరూ ఆయన్నే చూస్తున్నారు. "ఏంది?" అన్నాడు. "మీ వంతులో గూడా కేకేసేదానికి మనిషి గావాల గదా పోలయ్యా? నన్ను పిలువు. కూచోని చేసే పనే, డాక్టర్ ఏమనడు."

"నిన్ను పిలిస్తే నాగులమ్మ నోరు గూడా పడవెక్కుతుంది గదయ్యా!" అన్నాడు పోలయ్య.

"ఎక్కుతుంది. దానికి వంతు లేదు" అంది నాగులమ్మ, గరిటె మళ్లీ అందుకుంటూ.

ఇప్పుడు బ్యాచ్ మారినప్పుడల్లా పిల్లలు అక్కడికి పోతారు. ఒక ఆదివారం నాగులమ్మ పడవ, ఇంకో ఆదివారం పోలయ్య పడవ. తాటాకు కనిపిస్తే నాగులమ్మ చుట్టూ తిప్పుకునే పోతుంది. పోతూ పోతూ ఆ వంతుల సంగతి పిల్లలకు చెబుతుంది, వాళ్లు ఒకరికొకరు ఇంగ్లీషులో చెప్పుకుంటారు. నాలాంటివాడికి ఇంతకంటే మంచి క్లాసు ఎక్కడ దొరుకుతుంది! పక్షుల దగ్గరికి చేరేసరికి ఎండ ముదిరి కొన్ని లేచిపోతుంటాయి. పిల్లలు ఫిర్యాదు చేస్తే, "కొన్ని ఉండాయిగా, చూడండి" అంటుంది.

మొన్న సెలవు సోమవారం వచ్చింది. అది ఎవరి వంతు అని రెండు ఊళ్లూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాయి.